ఉగాది ఏ రోజు? – కువైట్ నుంచి చాంద్రమాన సంవత్సరాది ముచ్చట్లు



ప్రతి ఏడాదీ ఉగాది పూట తెల్లవారగానే ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. మాది రాజంపేట దగ్గర పల్లె. "ఏం నాయనా, మాకు ఈ పొద్దు పండగ. మీకు ఈ పొద్దేనా, రేపా?" అని అడుగుతుంది. కువైట్‌కు వచ్చిన కొత్తలో ఈ మాటకు నవ్వుకునేవాణ్ణి. దేశం మారితే పండగ రోజు కూడా మారుతుందా అని. ఇరవై ఏళ్ళ పైబడి ఇక్కడ ఉన్నాక, పంచాంగం కాస్త తిరగేయడం అలవాటయ్యాక తెలిసింది, అమ్మ అడిగేది చాలా సరైన ప్రశ్న అని. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే చైనా, కొరియా, వియత్నాం దాకా వెళ్ళవలసి వచ్చింది. ఆ వివరాలు మన ప్రవాసాంధ్రులకు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

మంగాఫ్‌లోని మా ఇంట్లో వంటగది గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి సెలవుకు వెళ్ళి వచ్చే మిత్రులెవరో తెచ్చిచ్చే వెంకట్రామా వారి తెలుగు క్యాలెండర్. రెండోది ఉజైరీ క్యాలెండర్. కువైట్ ఖగోళ శాస్త్రవేత్త సాలెహ్ అల్ ఉజైరీ (1920–2022) పేరు మీద వచ్చే ఈ క్యాలెండర్ తెలియని ఇల్లు ఈ దేశంలో ఉండదు. నమాజు వేళలు, హిజ్రీ తేదీలు అన్నీ అందులో ఉంటాయి. ఈ రెండు క్యాలెండర్లూ చంద్రుణ్ణి నమ్ముకున్నవే. అయినా రెండింటికీ పొత్తు కుదరదు.

కారణం చిన్న లెక్క. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి సంవత్సరం 365 రోజుల పైచిలుకు. ఏటా 11 రోజుల తేడా. ఈ తేడాను ఏం చేయాలన్నదే అసలు సమస్య. ఇస్లాం దాన్ని అలాగే వదిలేయమంది, నెలలు కలపడాన్ని నిషేధించింది. అందుకే రంజాన్ ఒకసారి మండుటెండల్లో, మరోసారి చలికాలంలో వస్తుంది. దాదాపు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. మనవాళ్ళు అలా వదల్లేదు. ఆ 11 రోజులు పోగుపడి నెల అయ్యేసరికి ఒక అధికమాసం చేర్చారు. 19 ఏళ్ళలో ఏడు అధికమాసాలు వస్తాయి. అందువల్లే ఉగాది ఎప్పుడూ మార్చి, ఏప్రిల్ నెలలు దాటి పోదు. చైనావాళ్ళు, కొరియావాళ్ళు, వియత్నాంవాళ్ళు, టిబెట్‌వాళ్ళు చేసేదీ ఇదే. 2023లో మనకు అధిక శ్రావణం వస్తే చైనావాళ్ళకు రెండో నెల అధికమైంది.

మన కేరళ మిత్రుల విషు, తమిళుల పుత్తాండు, ఇరానీయుల నౌరోజ్ ఈ కోవలోకి రావు. అవి సూర్యుణ్ణి బట్టి వచ్చేవి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మరాఠీల గుడి పడ్వా మాత్రం సాక్షాత్తూ మన ఉగాదే.

హిజ్రీ సంవత్సరాది

కువైట్‌లో ముహర్రం మొదటి రోజు ప్రభుత్వ సెలవు. క్రీ.శ. 622లో ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వలస వెళ్ళిన ఏడాది నుంచి ఈ లెక్క మొదలవుతుంది. 1447వ హిజ్రీ సంవత్సరం 2025 జూన్ 26న వచ్చింది. నేను వచ్చిన మొదటి ఏడు, కొత్త సంవత్సరం కదా, ఆఫీసులో మిఠాయిలు పంచుతారేమో అని ఎదురుచూశాను. ఏమీ లేదు! "కుల్లు ఆమ్ వ అంతుమ్ బిఖైర్" అని ఒక పలకరింపు, ఇంట్లో విశ్రాంతి, అంతే. పండగ సందడంతా రెండు ఈద్‌లకే. సంవత్సరాది అంటే ఇల్లు కడగడం, కొత్తబట్టలు, పిండివంటలు అనుకునే మనకు ఇది కొంచెం వింతగానే ఉంటుంది.

ఆరు నిమిషాల ఉగాది

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వద్దాం. సూర్యోదయ సమయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజే ఉగాది. ఇందులో రెండు ముక్కలున్నాయి. తిథి అనేది చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని బట్టి వచ్చేది, అది ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో మారుతుంది. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. మార్చి నెలాఖరులో హైదరాబాదులో పొద్దు పొడిచిన రెండు గంటల తర్వాత గానీ కువైట్‌లో పొడవదు. ఈ రెండు గంటల్లో తిథి మారిందంటే పండగ రోజే మారిపోవచ్చు.

2021 ప్లవ నామ సంవత్సర ఉగాది దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది అమావాస్య ఏప్రిల్ 12 ఉదయం మన దేశ కాలమానం ప్రకారం 8 గంటలకు ముగిసింది. అంటే కువైట్‌లో 5 గంటల 31 నిమిషాలు. ఆ రోజు ఇక్కడ సూర్యోదయం 5:25 ప్రాంతంలో. పొద్దు పొడిచేసరికి ఇంకా ఆరు నిమిషాల అమావాస్య మిగిలి ఉంది! ఆ ఆరు నిమిషాల పుణ్యాన ఇక్కడ కూడా ఊరితో పాటే 13వ తేదీన ఉగాది అయింది. లేకపోతే ఒక రోజు ముందే వచ్చేది. లండన్‌లో పొద్దు ఇంకా ఆలస్యంగా పొడుస్తుంది కాబట్టి అక్కడి లెక్కకు 12వ తేదీనే ఉగాది.

2026 పరాభవ నామ సంవత్సరానిది ఇంకో తమాషా. పాడ్యమి మార్చి 19 ఉదయం మన దేశంలో 6:53కు మొదలై మర్నాడు తెల్లవారకముందే, 4:52కు, అయిపోయింది. హైదరాబాదు సూర్యోదయానికి 19నా లేదు, 20నా లేదు. ఇలా పాడ్యమి క్షయమైతే ముందు రోజే చేసుకోవాలన్న నియమం ప్రకారం 19న ఉగాది అన్నారు. కువైట్‌లో ఆ నియమంతో పనే లేదు. ఇక్కడ పాడ్యమి 4:23కే వచ్చేసింది, సూర్యుడు 5:54 ప్రాంతంలో వచ్చాడు. సొంత ఊళ్ళో దొరకని పాడ్యమి ఎడారిలో దొరికిందన్నమాట.

నా మటుకు నాకు కువైట్ సూర్యోదయాన్నే పట్టుకోవాలనిపిస్తుంది. దేశం నుంచి వచ్చిన క్యాలెండర్‌లోని గడియలు అక్కడి సూర్యుడికి వేసినవి. ఇక్కడ సంకల్పం చెప్పుకునేటప్పుడు ఇక్కడి సూర్యుణ్ణి వదిలేసి అక్కడి సూర్యుణ్ణి తలచుకోవడంలో అర్థం లేదు. అయితే "అమ్మావాళ్ళు చేసుకునే రోజే మనమూ" అనే మిత్రులు చాలామంది ఉన్నారు. వాళ్ళతో వాదించి గెలిచింది లేదు.

గంట తేడాకు నెల తేడా

ఈ తగువు మనదొక్కటే అనుకుంటే పొరపాటు. కువైట్‌లో చమురు శుద్ధి కర్మాగారాల నుంచి 2019లో ప్రారంభమైన షేక్ జాబెర్ వంతెన దాకా కొరియా కంపెనీలు కట్టినవి చాలా ఉన్నాయి. అలాంటి ఒక ప్రాజెక్టులో నాతో పనిచేసిన కొరియా ఇంజనీరు ఒకసారి మధ్యాహ్న భోజనం దగ్గర అన్నాడు, 1997లో తమ కొత్త సంవత్సరం, చైనావాళ్ళది వేర్వేరు రోజుల్లో వచ్చాయని. తర్వాత లెక్క చూస్తే నిజమే. ఆ ఏడాది అమావాస్య బీజింగ్ గడియారంలో ఫిబ్రవరి 7 రాత్రి 11 దాటాక వచ్చింది. సియోల్ గడియారం ఒక గంట ముందుంటుంది కాబట్టి అక్కడ అప్పటికే 8వ తేదీ వచ్చేసింది. వాళ్ళకు అమావాస్య పడిన రోజే నెల మొదటి రోజు. మనలాగా సూర్యోదయంతో పని లేదు, అర్ధరాత్రితో పని.

చైనా కొత్త సంవత్సరం సాధారణంగా డిసెంబరులో వచ్చే అయనాంతం తర్వాత రెండో అమావాస్య నాడు వస్తుంది. జనవరి 21కీ ఫిబ్రవరి 21కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. చైనా 120 డిగ్రీల తూర్పు రేఖాంశపు సమయాన్ని వాడుతుంది, లెక్క నాన్‌జింగ్‌లోని పర్పుల్ మౌంటెన్ వేధశాల కడుతుంది. వియత్నాం ఒక గంట వెనక ఉండే సమయాన్ని వాడుతుంది. ఈ గంట వల్ల 2007లో వియత్నాంవాళ్ళ 'టెట్' ఫిబ్రవరి 17న, చైనా పండగ 18న వచ్చాయి. 1985లో అయితే మరీ విచిత్రం. అయనాంతమే అర్ధరాత్రికి అటూఇటూగా పడింది. వియత్నాంలో అది డిసెంబరు 21, చైనాలో 22. అమావాస్య రెండు చోట్లా 22నే. దాంతో నెలల లెక్కే తప్పింది, టెట్ జనవరి 21న, చైనా సంవత్సరాది ఫిబ్రవరి 20న జరిగాయి. గంట తేడా నెల తేడా అయింది!

1968లో ఉత్తర వియత్నాం కొత్త సమయానికి మారింది, దక్షిణ వియత్నాం మారలేదు. ఒకే భాష మాట్లాడే జనం ఉత్తరాన జనవరి 29న, దక్షిణాన 30న టెట్ చేసుకున్నారు. ఆ పండగ రోజుల్లోనే యుద్ధంలో పేరుమోసిన టెట్ దాడి జరిగింది. ఏ సూర్యుడు, ఏ గడియారం అనేది పంతుళ్ళ తగాదా మాత్రమే కాదని ఇది చదివాక అనిపించింది.

జపాన్ 1873లో ఇంగ్లీషు క్యాలెండర్‌కు మారి తన సంవత్సరాదిని కూడా జనవరి 1కే మార్చేసుకుంది. కొరియాలో కూడా 1896లో కొత్త క్యాలెండర్ వచ్చింది, తర్వాత దశాబ్దాల పాటు ప్రభుత్వాలు పాత పండగను పక్కన పెట్టాయి. జనం మాత్రం మానలేదు. 1985లో 'జానపద దినం' పేరుతో ఒక రోజు సెలవిచ్చారు. 1989లో సొల్లాల్ అన్న అసలు పేరు తిరిగి వచ్చి మూడు రోజుల సెలవైంది. నా కొరియా మిత్రుడు చిన్నప్పుడు బడికి సెలవు లేకపోయినా తెల్లవారుజామునే తాతగారికి సాష్టాంగపడి, బియ్యపు పిండి బిళ్ళల సూపు తాగి బడికి పరుగెత్తేవాడట. ఆ సూపు తాగితేనే ఒక ఏడు వయసు పెరిగినట్టు లెక్క. చైనాలో ఎర్ర కవర్లలో పిల్లలకు డబ్బులివ్వడం, అందరూ ఇంటికి చేరి కలిసి భోంచేయడం మనలో చాలామంది విన్నవే. 2024 డిసెంబరులో యునెస్కో ఆ పండగను మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకు దగ్గరి చుట్టాలు ఇంకో ఇద్దరున్నారు. మన ప్రభవాది అరవై సంవత్సరాల వరుసే టిబెట్‌లోనూ ఉంది. 1987 మనకు ప్రభవ, వాళ్ళకూ అరవై ఏళ్ళ చక్రంలో మొదటి ఏడు అదే. ఇక బాలి ద్వీపంవాళ్ళు మనలాగే శాలివాహన శకం లెక్కిస్తారు. వాళ్ళ సంవత్సరాది 'న్యెపీ' 2023లో మన ఉగాది నాడే, మార్చి 22న వచ్చింది. ఆ రోజు బాలిలో దీపం వెలిగించరు, వీధిలోకి రారు, విమానాశ్రయం కూడా మూసేస్తారు. మౌనంగా ఉండి ఏడాది మొదలుపెడతారు.

కువైట్‌లో మాకూ ఒక ఉగాది అలాగే గడిచింది. 2020 మార్చి 25. కరోనా వల్ల మూడు రోజుల ముందే సాయంత్రం 5 నుంచి తెల్లవారి 4 దాకా కర్ఫ్యూ పెట్టారు. ఆ సంవత్సరం పేరు శార్వరి, అంటే రాత్రి. సంవత్సరాల పేర్లను బట్టి ఫలితాలు చెప్పేవాళ్ళను నేను నమ్మను. నమ్మకపోవడానికి నా దగ్గర గట్టి ఆధారమే ఉంది. 1990లో వచ్చింది ప్రమోదూత, సంతోషాన్ని మోసుకొచ్చేదని అర్థం. ఆ ఆగస్టు 2నే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. లక్షా డెబ్బై వేలమంది మన దేశస్థులను విమానాల్లో తరలించాల్సి వచ్చింది. ఆ రోజులు చూసిన పెద్దలు ప్రమోదూత పేరెత్తితే ఇప్పటికీ నవ్వుతారు.

ఉగాదీ రంజానూ

అదే 1990లో ఉగాది మార్చి 27న వస్తే, ఆ వెంటనే రంజాన్ మొదలైంది. రెండూ ఒకే అమావాస్య తర్వాత వచ్చేవి కదా. మనం పాడ్యమి తిథిని పట్టుకుంటాం, వాళ్ళు సాయంత్రం నెలవంక కనిపించడాన్ని పట్టుకుంటారు. హిజ్రీ చక్రం ఒక చుట్టు తిరిగి వచ్చి, 2021లో ఏప్రిల్ 13న ఉగాదీ రంజాన్ మొదటి రోజూ ఒక్కటే అయ్యాయి. 2022లో కూడా అంతే, ఏప్రిల్ 2. 2023లో ఒక్క రోజు తేడా. 2024 వచ్చేసరికి ఉగాది రంజాన్ చివరికి జరిగింది. 2025లో మార్చి 30న ఇక్కడ ఈద్, మనకు ఉగాది ఒకే రోజు.

రంజాన్ పగటిపూట కువైట్‌లో బహిరంగంగా తినడం, తాగడం 1968 నాటి చట్టం ప్రకారం నేరం. 100 దీనార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు. కాబట్టి ఆ మూడేళ్ళూ ఉగాది పచ్చడి డబ్బాలో పెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళే అలవాటు మానుకున్నాం. 

మా పక్క ఫ్లాట్‌లో రాయచోటి ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆమె మా ఆవిడను "అక్కా" అంటుంది. 2021లో ఆ రోజు పొద్దున్నే మేం పచ్చడి గిన్నె ఇస్తే, "ఇఫ్తార్‌కు ఖర్జూరం తిన్నాక ఇదే తింటాం అక్కా" అని తీసుకుంది. వేపపూత చేదుతో ఉపవాసం విడవడం ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు గానీ ఆ రోజు ఆ ఇంట్లో జరిగింది. కడప వైపువాళ్ళకు ఇది వింతేమీ కాదు. దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు పెద్దసంఖ్యలో వస్తాయి. స్వామి పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ళ నమ్మకం. పుట్టింటివాళ్ళు అల్లుడి ఇంటికి వచ్చినట్టు టెంకాయలు, బెల్లం పట్టుకుని వస్తారు. 2025లో అటునుంచి షీర్ ఖుర్మా వచ్చింది, ఇటునుంచి ఓళిగలు వెళ్ళాయి. గోదావరి జిల్లాలవారు వాటినే బొబ్బట్లంటారు. తమాషా ఏమిటంటే రాయచోటిలో వాళ్ళ అమ్మగారింట్లో ఈద్ మర్నాడు, 31న. ఆ ఫోన్లో కూడా అదే ప్రశ్న, "మీకు ఈ పొద్దేనా?" అని.

శుక్రవారం ఉగాది

ఇంతవరకు చెప్పినదంతా సెలవు పెట్టుకోగలిగిన మాలాంటివాళ్ళ లెక్క. కువైట్‌లో తెలుగువారంటే ఇంజనీర్లు, నర్సులు, అకౌంటెంట్లు మాత్రమే కాదు. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి ఇరవయ్యో నంబరు వీసా మీద ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు, డ్రైవర్లు ఎందరో ఉన్నారు. 2015 నాటి 68వ నంబరు చట్టం వాళ్ళకు వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని చెబుతుంది. కాగితం మీద ఉన్నది వంటింటి దాకా వచ్చేది కొన్ని ఇళ్ళల్లోనే. వచ్చినచోట ఆ సెలవు ఎక్కువగా శుక్రవారమే. అందుకే మన సంఘాల ఉగాది కార్యక్రమాలు శుక్రవారాల్లో పెట్టుకుంటాం. 2007 సెప్టెంబరులో వారాంతం గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారినా శుక్రవారం మాత్రం శుక్రవారంగానే ఉండిపోయింది.

అయితే రంజాన్‌లో ఆ శుక్రవారం కూడా పోతుంది. సాయంత్రం ఇఫ్తార్ వంటలు, అర్ధరాత్రి దాటాక సహూర్ వంటలు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఏడాదిలో నిద్ర లేని నెల అదే. 2021 నుంచి వరుసగా ఉగాది రంజాన్‌ను అంటిపెట్టుకునే వచ్చింది. పంచాంగ శ్రవణం హాల్లో రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని మేం నవ్వుకుంటుంటే వెనక వరుసలు ఖాళీగా కనిపించేవి.

ఒక ఏడాది మా మిత్రబృందంలో ఈ తేదీ గొడవ పెద్దదే జరిగింది. ఈద్ అయ్యాక, అంటే ఉగాది దాటిన చాలా రోజులకు, కార్యక్రమం పెడదామని కొందరన్నారు. వద్దన్నవాళ్ళలో నేనే ముందున్నాను. వైశాఖం దగ్గర పడుతుంటే ఉగాది ఏమిటి, ఆ ఆరు నిమిషాల లెక్క ఎందుకు మరి అని గట్టిగానే మాట్లాడాను. సాల్మియాలో ఒక ఇంట్లో వంటపని చేసే మా ఊరివైపు అమ్మాయి ఒకామె ఆ రాత్రి వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపింది. "అన్నా, మాకు ఏ పొద్దయినా పండగే. మీరు ఏ శుక్రవారం అంటే ఆ శుక్రవారం. రంజాన్ అయినాక పెట్టుకోండి, మేడం పంపిస్తానన్నది" అని. ఆ తర్వాత నేను ఆ విషయంలో నోరెత్తలేదు. కార్యక్రమం ఈద్ అయ్యాకే జరిగింది. ఆమె వచ్చింది, మరో నలుగురిని కూడా తీసుకొచ్చింది. పచ్చడి కలిపింది కూడా వాళ్ళే.

పచ్చడికి కావలసిన సరుకుల్లో మామిడికాయ, కొత్త చింతపండు, బెల్లం ఇక్కడి దుకాణాల్లో దొరుకుతాయి. వేపపూతే కష్టం. మా వీధి చివర ఒక వేపచెట్టు ఉంది గానీ ఉగాదికి అది ఏనాడూ పూయలేదు. ఊళ్ళో పోయిన ఏడు ఎండబెట్టి దాచిన పూత ఎవరో ఒకరి సూట్‌కేసులో రావాల్సిందే. నేతిలో కొంచెం వేయించి కలిపితే సరిపోతుంది.

2027లో ప్లవంగ నామ సంవత్సర ఉగాది ఏప్రిల్ 7, బుధవారం. అమావాస్య రెండు చోట్లా సూర్యోదయానికి ముందే ముగుస్తుంది కాబట్టి ఊళ్ళోనూ, కువైట్‌లోనూ ఒకటే రోజు, అమ్మకు ఆ జవాబు సులభం. రంజాన్ మార్చి రెండో వారానికే అయిపోతుంది. 9వ తేదీ శుక్రవారం. సాల్మియా అమ్మాయికి ఈ తేదీలు పంపిస్తే ఒక్కటే మాట తిరిగి వచ్చింది: "ఊరి నుంచి ఎవరన్నా వస్తుంటే వేపపూత కొంచెం ఎక్కువే తెప్పించన్నా, పోయినసారి చాల్లేదు."